మోహన్ బగాన్, ఏటీకే కలిశాయి సరే, మా ఇంట్లో ఎందుకు కలవలేదు? – తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఫుట్‌బాల్ గురించి నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు మొదట అడిగేది "నీకెందుకబ్బా ఇదంతా?" అని. రెండోది మా మామ గురించి. మామా నేనూ ఒకే కాంపౌండ్‌లో ఉంటాం, ఒకే టీవీలో మ్యాచ్ చూస్తాం, లెక్కప్రకారం ఒకే క్లబ్ అభిమానులం, అయినా 2020లో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్‌లు రెండు, ఆయన మోహన్ బగాన్, నా ఏటీకే, ఒకటైనప్పటి నుంచి మా ఇద్దరికీ పడదు. పడదంటే మాటలు లేవని కాదు, ఎక్కువయ్యాయని. టీ అంగడి దగ్గర, పెళ్ళి భోజనాల్లో, ఒకసారి కొండమీద క్యూ కాంప్లెక్స్‌లో కూడా ఇవే ప్రశ్నలు అడిగారు. ప్రతిసారీ మొదట్నుంచి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా.

తిరుపతిలో కూర్చుని కలకత్తా క్లబ్ ఏంది సామీ?

మామది బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. అక్కడి రైల్వేలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలిసినవాళ్ళకి ఇది వింతేం కాదు. మా తాతల కాలంలోనే అక్కడికి పోయారు. అమ్మ పెళ్ళయ్యి ఇక్కడికొచ్చింది, మామ మాత్రం అక్కడే వర్క్‌షాపులో పనిచేసి, రిటైరయ్యాక అక్కకి దగ్గరగా ఉందామని తిరుపతి వచ్చాడు. వస్తూ వస్తూ ఆవ నూనె అలవాటునీ మోహన్ బగాన్‌నీ తెచ్చుకున్నాడు. మొదటిది అత్త మాన్పించింది.

నాది వేరే దారి. 2014లో ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్‌ఎల్, మొదలైనప్పుడు ఏదో ఒక జట్టుని ఎంచుకోవాలి కదా, ఇంట్లో కలకత్తా పేరు ఎప్పుడూ వినబడేది కాబట్టి అట్లెటికో డి కోల్‌కతా అన్నాను, పొట్టిగా ఏటీకే. ఎరుపు తెలుపు చారల చొక్కా, స్పెయిన్‌లోని అట్లెటికో మాడ్రిడ్‌తో పొత్తు, అదంతా గొప్పగా అనిపించింది. ఆ ఏడాది డిసెంబర్ 20న కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్, తొంభై నిమిషాలు దాటిపోయాక రఫీక్ తలతో కొట్టిన గోల్‌తో గెలిచాం. అంతే, నా పని అయిపోయింది. మామ అప్పుడు నవ్వి "అది టీవీ కోసం పుట్టిన జట్టురా" అన్నాడు. అప్పటికి మా మధ్య గొడవ లేదు, ఆయనది పాత జాతీయ లీగ్ ఐ-లీగ్, నాది ఐఎస్‌ఎల్, ఎవరి అంగడి వాళ్ళది.

ఇంతకీ ఎవరు ఎవరిలో కలిశారు?

ఇక్కడే అసలు తకరారు. కాగితం మీద ఉన్నది చెప్తా. 2020 జనవరి 16న ప్రకటించారు: ఏటీకే యజమాని ఆర్‌పీఎస్‌జీ గ్రూప్, మోహన్ బగాన్ ఫుట్‌బాల్ కంపెనీలో 80 శాతం వాటా తీసుకుంటుంది, పాత క్లబ్‌కి 20 శాతం మిగులుతుంది. జూన్ 1 నుంచి రెండూ ఒకటి. జూలై 10న బోర్డు కూర్చుని పేరు ఏటీకే మోహన్ బగాన్ అని తేల్చింది. చొక్కా మాత్రం మోహన్ బగాన్ వాళ్ళ ఆకుపచ్చ-మెరూన్, గుర్తు వాళ్ళ పాత పడవే.

అంటే ఐఎస్‌ఎల్‌లో సీటు మాది, డబ్బు మా యజమానిది, కోచ్ హబాస్ మావాడు, గోల్స్ కొట్టే రాయ్ కృష్ణ మావాడు. పేరులో పెద్ద భాగం, రంగు, పడవ, 1889 అన్న సంవత్సరం వాళ్ళవి. కాబట్టి "మీరు మాలో కలిశారు" అని ఇద్దరూ అనొచ్చు, ఇద్దరూ అంటారు. అల్లుడు ఇల్లరికం వచ్చాడా, లేక అత్తారిల్లే అల్లుడి పేరు మీదికి పోయిందా అన్నట్టుంటుంది.

ఇంకో ముచ్చట. కలవడానికి ముందు సీజన్‌లో, 2019-20లో, రెండు జట్లూ ఛాంపియన్లే. మార్చి 10న కల్యాణిలో ఐజాల్‌ని ఓడించి మోహన్ బగాన్ ఐ-లీగ్ ఖాయం చేసుకుంది. నాలుగు రోజులకే గోవాలో చెన్నైయిన్‌ని 3-1తో కొట్టి మేం మూడో ఐఎస్‌ఎల్ టైటిల్ తీసుకున్నాం, అదీ కరోనా వల్ల ఖాళీ స్టేడియంలో. చిక్కిపోయిన జట్టుని బలమైన జట్టు మింగిందంటే జనం కొన్నాళ్ళకి మర్చిపోతారేమో, ఇక్కడ ఇద్దరూ కప్పులు పట్టుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నారు. ఆ తర్వాత హబాస్ ఉండిపోయాడు, మోహన్ బగాన్‌కి లీగ్ గెలిపించిన కిబు వికూన్యా కేరళ బ్లాస్టర్స్‌కి వెళ్ళిపోయాడు. మామ ఇది ఈ రోజుకీ మర్చిపోలేదు.

అంత పాత క్లబ్‌కి కలవాల్సిన ఖర్మ ఏం పట్టింది?

డబ్బు, లీగ్. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఒప్పుకున్న పథకం ప్రకారం దేశంలో మొదటి స్థాయి లీగ్ ఐఎస్‌ఎల్, ఐ-లీగ్ రెండో మెట్టుకి దిగిపోయింది. ఐఎస్‌ఎల్‌లోకి పోవాలంటే ఏటా కోట్లు పెట్టగల యజమాని కావాలి. మెంబర్‌షిప్ చందాలతో నడిచిన క్లబ్ అంత డబ్బు ఎక్కడ తెస్తుంది?

మామ దీనికి ఒకే మాట అంటాడు: అదే ఊళ్ళోని మా పాత ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్ ఎవరిలోనూ కలవకుండా, వేరే పెట్టుబడిదారుని తెచ్చుకుని, అదే ఏడాది ఐఎస్‌ఎల్‌లోకి వచ్చింది కదా? నిజమే, వచ్చింది. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఆ తర్వాత కొన్నేళ్ళు పట్టికలో వాళ్ళు ఎక్కడున్నారో చూడు మామా అని మాత్రం అంటాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

1889 అంటే నిజమేనా? మరీ అంత గొప్పదా?

నిజమే. ఆగస్టు 15న పుట్టింది, స్వాతంత్ర్యానికి సరిగ్గా 58 ఏళ్ళ ముందు. 1911 జూలై 29న ఐఎఫ్ఏ షీల్డ్ అనే టోర్నీ ఫైనల్లో బ్రిటిష్ సైన్యం జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించింది, పదకొండు మందిలో పదిమంది బూట్లు లేకుండా ఆడారు. బూట్లేసుకున్న ఆ ఒక్కడు సుధీర్ ఛటర్జీ. ఇవి మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు, అత్తకి కూడా. కావాలని నేర్చుకున్నవాళ్ళెవరూ లేరు.

పేరు ముందు మూడక్షరాలు ఉంటే ఏం పోయింది? అంత రాద్ధాంతమా?

నేనూ మొదట్లో ఇదే అన్నాను. మామని ఇరికిద్దామని పాత సంగతి ఒకటి తవ్వాను కూడా. చాలా ఏళ్ళపాటు వాళ్ళ జట్టు పేరు మెక్‌డోవెల్ మోహన్ బగాన్. సారా కంపెనీ పేరు! ఆ కంపెనీ తాలూకు యూబీ గ్రూప్‌కి అప్పట్లో క్లబ్‌లో సగం వాటా ఉండేది, అవతల ఈస్ట్ బెంగాల్ కూడా కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాలే. "సీసా పేరు పెట్టుకున్నప్పుడు లేని నొప్పి మా పేరుకొచ్చిందా మామా?" అన్నాను. చాలా తెలివిగా అడిగాననుకున్నా.

మామ కాసేపు ఆగి చెప్పింది ఇది: "బస్సు పక్కన సబ్బు బొమ్మ అంటిస్తే అది సబ్బు బస్సు అయిపోదురా. డబ్బులిచ్చారు, అంటించుకున్నాం, రేపు పీకేస్తాం. మీది బొమ్మ కాదు, ఇంకో బస్సు. ఇంకో బస్సు నంబర్ ప్లేటు నా బస్సుకి బిగిస్తే నేనెక్కడికి పోతున్నట్టు?"

అప్పటికప్పుడు ఒప్పుకోలేదు గానీ ఇది సరైన మాటే. స్పాన్సర్ పేరు అభిమానికి చిరాకు, ఇంకో క్లబ్ పేరు అభిమానికి అవమానం. ఆ మూడేళ్ళలో మా మామ ఒక్కసారి కూడా "ఏటీకే" అన్న మాట పలకలేదు. టీవీలో కామెంటేటర్ అంటే సౌండ్ తగ్గించేవాడు. పక్కింటివాళ్ళు మాకు మ్యూట్ జబ్బు ఉందనుకున్నారు.

రోజులు గడిచేకొద్దీ తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది?

దీనికి పెద్ద కారణాన్ని ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదని నా అభిప్రాయం. కలిసిన మొదటి రెండు సీజన్లు, 2020-21, 2021-22, కరోనా వల్ల లీగ్ అంతా గోవాలోనే నడిచింది. ఐఎస్‌ఎల్‌లో మొదటి కలకత్తా డెర్బీ, అంటే ఈస్ట్ బెంగాల్‌తో ఒకే ఊరివాళ్ళ మ్యాచ్, 2020 నవంబర్ 27న గోవాలోని వాస్కోలో, రాయ్ కృష్ణ, మన్వీర్ గోల్స్‌తో మేం 2-0తో గెలిచాం. చూసినవాళ్ళు? స్టాండ్స్‌లో ఎవరూ లేరు.

ఆలోచించండి, రెండు క్లబ్‌ల జనం ఒకే స్టాండ్‌లో పక్కపక్కన కూర్చుని, ఒకే గోల్‌కి ఎగిరి, తెలియని మనిషి భుజం మీద చెయ్యేసుకుని ఇంటికి పోవాల్సిన రెండేళ్ళవి. ఆ రెండేళ్ళూ అందరూ ఇళ్ళలో ఫోన్లు పట్టుకుని ఒకరినొకరు తిట్టుకున్నారు. పెళ్ళి జరిగింది, ఇరువైపుల చుట్టాలూ ఒకే పంక్తిలో భోజనానికి కూర్చోలేదు. 2022లో కలకత్తాలోని సాల్ట్ లేక్ స్టేడియం గేట్లు తెరిచేసరికి జనం చేతుల్లో ఏటీకే పేరు తీసెయ్యమన్న బ్యానర్లు వచ్చాయి.

పేరు తీసేసిన రోజు మీ ఇంట్లో ఏం జరిగింది?

2023 మార్చి 18. ఫైనల్, గోవా ఫతోర్డాలో, బెంగళూరుతో. శనివారం కాబట్టి మామకి ఒక్కపొద్దు, రాత్రికి ఉప్మా. చిత్తూరు నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు, వాడు బెంగళూరు పార్టీ, చిత్తూరు వాళ్ళకి బెంగళూరు దగ్గర కదా, మ్యాచ్‌కి పోయి రాత్రికే తిరిగొస్తారు. ముగ్గురం మూడు మూలల్లో కూర్చున్నాం.

మా పెట్రాటోస్ పెనాల్టీ, వాళ్ళ ఛెత్రి పెనాల్టీ, 1-1. తర్వాత బెంగళూరు తరఫున గోల్ కొట్టింది ఎవరయ్యా అంటే రాయ్ కృష్ణ! మా ఏటీకే వీరుడు, అప్పటికి జట్టు మారిపోయాడు. నేను తెలియకుండానే "అబ్బా" అన్నాను, అది బాధతోనో సంతోషంతోనో నాకే తెలీదు. మామ తల తిప్పి చూసిన చూపు ఇంకా గుర్తుంది. మళ్ళీ పెట్రాటోస్ పెనాల్టీ, 2-2. షూటౌట్‌లో మా గోల్‌కీపర్ విశాల్ కైత్ ఒకటి ఆపాడు, బెంగళూరువాళ్ళు ఇంకొకటి పైకి కొట్టారు, 4-3. పళ్ళెంలో ఉప్మా అట్టు కట్టింది.

గెలిచిన కాసేపటికి యజమాని సంజీవ్ గోయెంకా ప్రకటించాడు, జూన్ 1 నుంచి జట్టు పేరు మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అని. మామ లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "ఏటీకే గోవిందా!" అన్నాడు. తిరుపతిలో ఉన్నందుకు ఆయనకి బాగా కలిసొచ్చిన మాట. దండం పెట్టినట్టూ ఉంది, పోయిందని చెప్పినట్టూ ఉంది. మూడేళ్ళలో ఏటీకే పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి. పిన్ని కొడుకు ఓడిపోయిన బాధలో కూడా పడీపడీ నవ్వాడు. నేను బయటికెళ్ళి కాసేపు స్కూటర్ మీద కూర్చున్నాను. కప్పు గెలిచిన రాత్రి.

పేరు పోయింది కదా, మామ గెలిచాడు, ఇంకేం గొడవ?

ఇదే అందరూ చేసే పొరపాటు. గొడవ తీరలేదు, పక్క మారింది. 2020లో బాధ ఆయనది, 2023 నుంచి నాది. మోహన్ బగాన్‌కి పేరు తిరిగొచ్చింది, నా క్లబ్‌కి ఏం మిగిలింది? లీగ్ ఉంది, మ్యాచులున్నాయి, నేను పుట్టించుకున్న ఇష్టం ఉంది, జట్టు మాత్రం లేదు.

కప్పుల లెక్క చూడండి. ఏటీకే 2014, 2016, 2019-20లో గెలిచిన మూడూ మోహన్ బగాన్ ఖాతాలో వేసుకోరు. 2025 ఏప్రిల్ 12న బెంగళూరుని 2-1తో ఓడించి మళ్ళీ కప్పు గెలిస్తే అది మోహన్ బగాన్‌కి రెండో ఐఎస్‌ఎల్ కప్పు అన్నారు, ఐదోది అనలేదు. మోహన్ బగాన్ అభిమానికి ఆ మూడూ అక్కర్లేదు, ఉంచుకుంటే ఆయనకి పరువు తక్కువ. మరి అవి ఎవరివి? నాలాంటివాళ్ళవి. మేం ఇప్పుడు ఎవరం అంటే చెప్పలేం.

క్రికెట్ వాళ్ళకి ఒక్క ముక్కలో అర్థమయ్యేలా చెప్తా: 2009లో గెలిచిన దక్కన్ ఛార్జర్స్ కప్పు సన్‌రైజర్స్‌కి లెక్కేస్తారా? వేయరు. 2016 ఒక్కటే అంటారు. మరి 2009లో ఎగిరిన మీరు ఎక్కడికి పోయారు? అదీ నా సంగతి. కాకపోతే దక్కన్ మూతపడి వేరే కంపెనీ కొత్త జట్టు పెట్టింది, మాది మూతపడలేదు, "మీరంతా ఇప్పుడు వీళ్ళే" అన్నారు. ఇది ఇంకా కష్టం.

మరి ఈ సూపర్ జెయింట్ ఎవరు?

యజమాని ముద్ర. పూణేలో ఐపీఎల్ జట్టుకి పెట్టాడు, లక్నోకి పెట్టాడు, ఇక్కడా పెట్టాడు. మన గంగమ్మ జాతరలో రోజుకో వేషం వేసినట్టు. మామకి ఇది కూడా నచ్చలేదు గానీ "ఇది బస్సు పక్కన బొమ్మే" అని సర్దుకున్నాడు. చూశారా, మళ్ళీ అదే లెక్క.

నిజం చెప్పు, ఏటీకేకి అసలు అభిమానులున్నారా?

ఉన్నారు. ఒకణ్ణి చదువుతున్నారు.

వేరే దేశాల్లో ఇలాంటివి సర్దుకున్నాయా?

కొన్ని బాగా సర్దుకున్నాయి. ఇటలీలో జెనోవా ఊళ్ళో సంపియర్‌దారెనెసె, ఆంద్రియా డోరియా అని రెండు క్లబ్‌లు 1946లో కలిశాయి. పేరు సగం సగం అతికించి సాంప్‌డోరియా అన్నారు, నీలం చొక్కా మీద అడ్డంగా తెలుపు, ఎరుపు, నలుపు పట్టీలు వేసి రెండువైపుల రంగులూ పెట్టారు. ఇప్పుడు ఆ చొక్కా చూసి ఇది ఎవరి రంగు అని అడిగేవాళ్ళు లేరు. సరిసమానంగా ఇద్దరూ పోగొట్టుకుంటే ఇద్దరికీ కోపం తగ్గుతుందేమో. పైగా జెనోవాలో కలిసికట్టుగా తిట్టుకోవడానికి జెనోవా అనే పాత క్లబ్ ఒకటి ఉంది, అది కూడా సాయం చేసి ఉంటుంది.

స్కాట్లండ్‌లో ఇన్వర్‌నెస్ కథ మాకు దగ్గర. కేలడోనియన్, థిసిల్ రెండూ 1885లో పుట్టినవే, పెద్ద లీగ్‌లో సీటు కోసం 1994లో కలిశాయి. ఇద్దరి వైపూ ససేమిరా అన్న జనం ఉన్నారు, మ్యాచులకి రావడమే మానేసినవాళ్ళూ ఉన్నారు. తర్వాత ఆ కొత్త జట్టు 2000లో కప్పు మ్యాచ్‌లో పెద్ద క్లబ్ సెల్టిక్‌ని వాళ్ళ గ్రౌండ్‌లోనే 3-1తో కొట్టింది, 2015లో స్కాటిష్ కప్పే గెలిచింది. గెలుపులు చాలా గాయాలు మాన్పుతాయి. పంతం పట్టి మానేసిన ముసలాయన మాత్రం టీవీ ముందు కూర్చుని ఏమనుకున్నాడో నాకు తెలుసనిపిస్తుంది, మా ఇంట్లో ఒకాయన్ని చూస్తున్నా కదా.

నాకు నిద్రపట్టనివ్వని కథ మాత్రం జపాన్‌ది. 1998 అక్టోబర్‌లో యోకోహామా ఫ్లూగెల్స్‌ని అదే ఊళ్ళోని మారినోస్‌లో కలిపేస్తున్నామని ప్రకటించారు. మాటకి కలపడం, నిజానికి మూసెయ్యడం. అప్పటికి వాళ్ళు ఆడాల్సిన ఎంపరర్స్ కప్ అనే టోర్నీ ఒకటి మిగిలుంది. ఓడిన రోజే క్లబ్‌కి ఆఖరి రోజు. ఆటగాళ్ళు ఒక్కో మ్యాచే గెలుస్తూ పోయారు, 1999 జనవరి 1న ఫైనల్ కూడా గెలిచి, కప్పు చేత్తో పట్టుకుని మాయమైపోయారు. మారినోస్ పేరు ముందు ఒక ఎఫ్ అక్షరం మిగిలింది. ఆ ఒక్క అక్షరాన్ని దండం పెట్టి తీసుకోమంటే అభిమానులు తీసుకోలేదు, సొంతంగా యోకోహామా ఎఫ్‌సీ అని కొత్త క్లబ్ పెట్టుకున్నారు. అది 2007కి మొదటి డివిజన్‌కి ఎక్కి అదే మారినోస్‌తో డెర్బీ ఆడింది.

నువ్వూ అలా క్లబ్ పెట్టొచ్చు కదా?

అన్నా, ఇక్కడ ఐదుమంది కుదరడమే గగనం.

మనకి ఐఎస్‌ఎల్‌లో హైదరాబాద్ జట్టు ఉంది కదా, దానికి మారిపో?

ఉండేది. పూణే జట్టు ఆగిపోతే 2019లో ఆ చోటు హైదరాబాద్‌కొచ్చింది, 2022లో బ్లాస్టర్స్‌ని షూటౌట్‌లో ఓడించి ఛాంపియన్ అయింది, తర్వాత డబ్బు కష్టాలు, జీతాల గొడవలు, 2025లో ఢిల్లీకి పోయి పేరే మార్చేసుకుంది. పూణేవాళ్ళు పోగొట్టుకున్నది మనకొచ్చింది, మనం పోగొట్టుకున్నది ఢిల్లీకి పోయింది. ఆ వరుసలో నిలబడే ఓపిక నాకు లేదు.

తిరుపతిలో ఇలా జట్లు కలిసిన సందర్భం ఉందా?

క్లబ్‌లంత పెద్దవి కాదు గానీ, యూనివర్సిటీ వైపు సాయంత్రాలు ఆడే మా గుంపు ఒకటి, రైల్వే కాలనీ గుంపు ఒకటి ఉండేవి. ఎవరికీ పదకొండు మంది కుదరక కలిసిపోయాం. పేరు గొడవ రాకుండా అసలు పేరే పెట్టుకోలేదు, చాలా తెలివైన పని అనుకున్నాం. కానీ ఆటలో చూడాలి! వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ ఎదురుగా నేను ఖాళీగా నిలబడి చెయ్యి ఊపుతుంటే, ముగ్గురి మధ్యలో ఇరుక్కున్న వాళ్ళ కాలనీవాడికే బంతి ఇస్తాడు. మావాళ్ళూ అంతే. ఇది కావాలని చేసేది కాదు, తల ఎత్తగానే కళ్ళు అలవాటైన మొహాన్నే వెతుకుతాయి. ఏడాది పట్టింది ఆ లెఫ్ట్ బ్యాక్ నాకు బంతి ఇవ్వడానికి. ఇచ్చిన రోజు నేను ఎదురుచూడక వదిలేశాను, బయటికి పోయింది, మళ్ళీ నెలరోజులు ఇవ్వలేదు.

ఈస్ట్ బెంగాల్‌తో మ్యాచ్ ఉన్నరోజు?

ఆ రోజు ఏ గొడవా లేదు. తొంభై నిమిషాలు ఒకే పార్టీ. తొంభై ఒకటో నిమిషం నుంచి మళ్ళీ మామూలే.

చెన్నైలో మ్యాచ్ చూడ్డానికి పోతే ఏ చొక్కా వేసుకోవాలి?

ఏదైనా పర్లేదు. నెహ్రూ స్టేడియంలో అవతలి జట్టువాళ్ళ స్టాండ్ టికెట్ తీసుకోండి, మధ్యాహ్నం లోపలే తిరుపతిలో బస్సెక్కండి, ఊత్తుకోట దాటాక ట్రాఫిక్‌ని నమ్మొద్దు.

మేం ఒకసారి పోయాం. మామది ఆకుపచ్చ-మెరూన్, నాది పాత ఎరుపు-తెలుపు చారలు, మొండికి వేసుకెళ్ళా. మా వరుసలో ఒక బెంగాలీ ఆయన నా చొక్కా చూసి గట్టిగా ఏదో అన్నాడు, చుట్టూ నలుగురు తిరిగి చూశారు. నేను జాకెట్ వేసుకోబోతుంటే మామ నా చెయ్యి పట్టుకుని ఆపి, ఆయనతో బెంగాలీలో రెండు ముక్కలు మాట్లాడాడు. ఆయన మళ్ళీ నా వైపు చూడలేదు, ఇంటర్వెల్‌లో మాత్రం వేరుశనక్కాయల పొట్లం మా ఇద్దరి మధ్య పెట్టాడు. ఏం చెప్పావు మామా అంటే "నీకు బెంగాలీ రాదు కదా, వదిలెయ్" అన్నాడు. తిరుగు బస్సులో నాగలాపురం దాటేదాకా అడిగాను. పుత్తూరు వచ్చేసరికి నిద్రపోయినట్టు నటించాడు.